58 ఏళ్లకు మోకాలు, భుజం, మణికట్టు నొప్పులు: ఇంట్లో చేసే వ్యాయామంలో ఏం మార్చుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. వయసు 58. ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే ఒకే వరస: 200 జంపింగ్ జాక్స్ (గెంతుతూ కాళ్లు ఎడం చేసి చేతులు పైకెత్తడం), 50 స్క్వాట్లు (గుంజీళ్లలా కూర్చుని లేవడం), కాలికి 20 చొప్పున లంజెస్ (కాలు ముందుకు వేసి మోకాలు వంచి దిగడం), 30 పుషప్స్, 40 క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపడం). ఆర్నెల్లుగా మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, చెయ్యి పక్కనుంచి పైకెత్తితే ఎడమ భుజంలో పోటు, పుషప్స్ చేసేటప్పుడు మణికట్టు నొప్పి. ఎక్స్‌రే చూసి "వయసుతో వచ్చే అరుగుదలే" అన్నారు. ఇంట్లోవాళ్లేమో అన్నీ మానేసి నడక పెట్టుకోమంటున్నారు. మానెయ్యాలా?

మానొద్దండి. నడక ఒక్కటే సరిపోదు కూడా. మీరు రాసినదాంట్లో వ్యాయామం ఆపేయాల్సిన కారణం ఏదీ కనబడలేదు. అలాగని ఇదే వరస ఇలాగే లాగితే నొప్పి ముదురుతుంది. జంపింగ్ జాక్స్, క్రంచెస్ ప్రస్తుతానికి తీసెయ్యండి. స్క్వాట్, లంజ్, పుషప్ మూడూ ఉంచండి, అయితే లోతు తగ్గించి, నెమ్మదిగా, రోజు విడిచి రోజు చెయ్యండి. మీ పట్టికలో అసలే లేనివి రెండున్నాయి: చేత్తో లాగే వ్యాయామం, ఒంటికాలి మీద నిలకడ. ఆ రెండూ చేర్చండి. 6 వారాల్లో తేడా తెలుస్తుంది, మెట్ల నొప్పి బాగా తగ్గడానికి 12 వారాల దాకా పట్టొచ్చు.

అరుగుదల అన్న మాటకు బెంబేలు పడకండి. యాభై దాటినవాళ్లలో నొప్పి లేని మోకాలికి ఎక్స్‌రే తీసినా ఏదో ఒక మార్పు కనబడటం మామూలే. ఫిల్ములో బాగా అరిగినట్టున్న మోకాలు హాయిగా మెట్లెక్కేస్తుంది, శుభ్రంగా ఉన్నది ఏడిపిస్తుంది. కీలులో ఎముకల చివర నున్నటి పొరలా ఉండే కార్టిలేజ్‌కు రక్తనాళాలు లేవు. బరువు పడి వదిలినప్పుడల్లా కీలులోని ద్రవం దానిలోకి ఇంకుతూ బయటికి వస్తూ ఉంటుంది, దానికి పోషణ అందేది అలాగే. కదలిక ఆపేస్తే ఆ కాస్తా తగ్గుతుంది. అంతకంటే పెద్ద నష్టం కండరానిది. వయసు పెరిగేకొద్దీ కండరం పరిమాణం కంటే బలం వేగంగా పడిపోతుంది. మెట్టు దిగేటప్పుడు ఒంటి బరువుకు బ్రేకు వేసేది తొడ ముందు కండరం. అది నీరసపడితే ఆ కుదుపంతా కీలు మీదికే వస్తుంది.

మరి ఇన్నేళ్లూ నొప్పి లేనిది ఇప్పుడే ఎందుకు? ఎక్కువమందిలో కారణం ఏ ఒక్క వ్యాయామమో కాదు, విశ్రాంతి చాలకపోవడం. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్ కండరమంత త్వరగా కోలుకోదు. గట్టిగా శ్రమపడ్డాక మొదటి రోజు, రోజున్నర దానిలో కొత్తగా అల్లుకునేదాని కంటే తెగేదే ఎక్కువ. ఆ తర్వాతే అల్లిక పైచేయి అవుతుంది. 35 ఏళ్లప్పుడు రోజూ చేసినా ఒళ్లు భరించింది. ఇప్పుడు అదే 50 స్క్వాట్లు 24 గంటలకోసారి పడుతుంటే ముందురోజు పని పూర్తికాకుండానే మళ్లీ మొదలుపెడుతున్నారన్నమాట.

ముందు నొప్పిని కొలవడం నేర్చుకోండి. అసలు లేకపోతే 0, భరించలేనంత ఉంటే 10. చేస్తున్నప్పుడు 2 లోపు ఉంటే నిశ్చింతగా సాగించండి. 3 నుంచి 5 మధ్య ఉంటే చెయ్యొచ్చు, కానీ ఆ రోజు పెంచకండి. 5 దాటితే అక్కడితో ఆ కదలిక ఆపండి. ఇంకో కొలత దీనికంటే ముఖ్యం: మర్నాడు పొద్దున ఎలా ఉంది? నొప్పి, బిగువు మామూలు స్థాయికి వచ్చేస్తే నిన్నటి మోతాదు సరిపోయినట్టు. నిన్నటికంటే ఎక్కువగా ఉన్నా, మోకాలు కాస్త ఉబ్బినట్టున్నా నిన్న ఎక్కువైందని లెక్క. ఈసారి మూడో వంతు తగ్గించండి. చేస్తున్నంతసేపూ ఏమీ తెలియక రాత్రికో మర్నాటికో బయటపడే నొప్పే ఎక్కువమందిని పక్కదారి పట్టిస్తుంది. అందుకే చిన్న పుస్తకంలో రోజుకు ఒక్క వరుసైనా రాసుకోండి.

కండరం నొప్పిని కీలు నొప్పిగా పొరబడకండి. తొడ మధ్యలో, పిరుదుల్లో రెండు వైపులా సమానంగా, నొక్కితే తియ్యగా ఉండే నొప్పి పని చేసినందుకు వచ్చింది, 2, 3 రోజుల్లో పోతుంది. వేలు పెట్టి చూపించగలిగేంత ఒకే చోట, ఒకే వైపు, సూదిలా వచ్చేది కీలుదో టెండన్‌దో. మోకాలిలో టకటక చప్పుడు ఒక్కటే ఉండి నొప్పి, వాపు లేకపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఏ వ్యాయామమైనా నొప్పి పెడితే తీసెయ్యడం ఆఖరి మాటగా ఉండాలి. ముందు వేగం తగ్గించండి: దిగడానికి 3 సెకన్లు, ఆగడం 1, లేవడానికి 2. దానికీ తగ్గకపోతే నొప్పి మొదలయ్యే చోటికి కొంచెం ముందే ఆగండి. ఇంకా ఉంటే చేతి ఆసరా తీసుకుని బరువు తగ్గించుకోండి. ఆ తర్వాత సంఖ్య తగ్గించండి. ఇవన్నీ చేసి రెండు వారాలు చూసినా మారకపోతే అప్పుడు ఆ వ్యాయామం మార్చండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందే వ్యాయామం మానేసి, రెండు నెలలకు కాస్త తగ్గిందనుకుని, మళ్లీ పాత 50తోనే మొదలుపెడతారు. ఈలోగా కండరం తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ఈసారి నొప్పి ఇంకా త్వరగా వస్తుంది.

మోకాలు

మోకాలు వంగేకొద్దీ చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. చదును నేల మీద నడిచేటప్పుడు అక్కడ పడేది సుమారు మన బరువంత, మెట్ల దగ్గర మూడు రెట్లకు పైగా, లోతుగా కూర్చుని లేచే స్క్వాట్‌లో ఏడు రెట్ల దాకా. అంకెలు మనిషిని బట్టి అటూ ఇటూ అయినా వరస మాత్రం ఇదే. నడకలో నొప్పి లేకుండా మెట్లు దిగేటప్పుడే ఎందుకొస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. మీ స్క్వాట్‌లో మొదట మార్చాల్సింది లోతే.

కుర్చీ స్క్వాట్ ఇలా చెయ్యండి. చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. మామూలు కుర్చీ సీటు 45 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. దాని మీద గట్టి దిండో మడిచిన దుప్పటో వేసి 52, 55 దాకా తీసుకురండి, కూర్చుంటే తొడ మోకాలి వైపు కొద్దిగా కిందికి వాలి ఉండాలి. పాదాలు నడుమంత ఎడంగా, వేళ్లు కొంచెం బయటికి. తుంటిని వెనక్కి పంపిస్తూ, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేలా ఒళ్లు ముందుకు వంచి, 3 సెకన్లలో దిగండి. పిరుదులు దిండును తాకాలి, దాని మీద కూలబడకూడదు. ఒక సెకను ఆగి, పాదమంతా నేలకు నొక్కుతూ లేవండి. మోకాళ్లను వెనక్కి బిగించి తాళం వెయ్యకండి. 8 సార్లు ఒక సెట్, అలాంటివి 3, మధ్యలో ఒకటిన్నర నిమిషం విశ్రాంతి. వరసగా రెండుసార్లు 12 చొప్పున సులువుగా చెయ్యగలిగితే ఒక మడత తీసి ఎత్తు 2, 3 సెంటీమీటర్లు తగ్గించండి. ఇలా దిగుతూ దిగుతూ 2, 3 నెలల్లో 45కి వస్తే చాలు. అంతకు మించి లోతు కావాలా అన్నది అప్పటి నొప్పి చెబుతుంది.

ఇందులో ఎక్కువగా జరిగే తప్పు చివరి రెండంగుళాలు జారవిడిచేయడం. బలం తక్కువైంది సరిగ్గా అక్కడే, అందుకే అక్కడ నెమ్మదిగా ఉండాలి. పక్కన అద్దం పెట్టుకోండి. లేచేటప్పుడు రెండు మోకాళ్లూ లోపలికి వాలుతుంటే, వాటికి కాస్త పైన తొడల చుట్టూ వదులుగా రబ్బరు బ్యాండు వేసుకుని దాన్ని బయటికి నెడుతూ లేవండి. మడమలు లేస్తుంటే పాదాలు కాస్త ముందుకు జరపండి. ఇక "మోకాలు కాలివేళ్లు దాటకూడదు" అన్న నియమం మీద నాకంత గౌరవం లేదు. మోకాలిని బలవంతంగా వెనక ఉంచితే ఆ భారం నడుముకీ తుంటికీ పోతుంది. నొప్పి ఉన్నన్నాళ్లు కొంచెం వెనక ఉంచుకోండి, తగ్గాక దాని గొడవ వదిలెయ్యండి.

మోకాలు బాగా సతాయించే రోజుల్లో స్క్వాట్ బదులు గోడకు వీపు ఆనించి, మోకాళ్లు సగం కంటే తక్కువ వంచి, అలాగే 30 నుంచి 45 సెకన్లు నిలబడండి. 4, 5 సార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. కదలిక లేకుండా కండరానికి మాత్రం పని పడుతుంది కాబట్టి సలపరింతలోనూ ఇది చాలామందికి పడుతుంది.

లంజ్‌లో కాలు ముందుకు వేసి ఆగేటప్పుడు ఆ మోకాలికి ఒక్కసారిగా బ్రేకు పడుతుంది. దాన్ని తిరగెయ్యండి: కుర్చీ వీపు పట్టుకుని, కాలు వెనక్కి వేసి, సగం లోతు దిగి, ముందు కాలి మడమతో నొక్కి లేవండి. కాలికి 8 చొప్పున 2 సెట్లు. 20 వద్దు.

నాలుగో వారం తర్వాత మెట్టు వ్యాయామం చేర్చండి. మెట్లు దిగే నొప్పికి దీన్ని మించింది లేదు. 10 సెంటీమీటర్ల ఎత్తుండి కదలని చెక్క పీట మీద ఒక కాలితో పక్కకు తిరిగి నిలబడండి, ఒక చెయ్యి గోడ మీద. గాలిలో ఉన్న కాలి మడమ నేలను ముట్టేదాకా 3 సెకన్లలో దిగి, పీట మీది కాలితోనే లేవండి. కింది కాలితో తోసుకుని లేస్తే పని చేసింది వేరే కాలన్నట్టు. మోకాలు రెండో వేలి వైపే చూడాలి, నడుము ఒక పక్కకు ఒరగకూడదు. 8 చొప్పున 2 సెట్లు. 15 సెంటీమీటర్లకు పోవడానికి తొందరేమీ లేదు.

జంపింగ్ జాక్స్ ఎందుకు తీసెయ్యమన్నానంటే, మీకు నొప్పి ఉన్న మోకాలు, భుజం రెంటినీ అవి ఒకేసారి, రోజుకు 200 సార్లు రేపుతున్నాయి. గెంతడం చెడ్డదని కాదు, ఎముకలకు కుదుపు మంచిదే. ఇప్పటికి ఒళ్లు వేడెక్కడానికి 6 నుంచి 8 నిమిషాలు ఉన్నచోటే కవాతు, పక్కకు అడుగులు వేస్తూ చేతులు ఛాతీ ఎత్తుదాకా ఊపడం చాలు. దాంతోపాటు గోడ పట్టుకుని మడమలెత్తడం 15 చొప్పున 2 సెట్లు చెయ్యండి. 3 నెలల తర్వాత మోకాలు నెమ్మదిస్తే అప్పుడు రెండు కాళ్లతో చిన్న గెంతులు 10 చొప్పున తిరిగి మొదలుపెట్టొచ్చు, బూట్లతో, వారానికి రెండుసార్లు.

బలం ఎంతుందో తెలుసుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. 43 సెంటీమీటర్ల కుర్చీ, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్లవాళ్లలో మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే సగటు కంటే కింద ఉన్నట్టు. మీ వయసుకు అంతకంటే రావాలి. నెలకోసారి చాలు, నొప్పి 3 దాటిన రోజున వద్దు. దీన్నే రోజువారీ వ్యాయామంగా మార్చుకునేవాళ్లున్నారు, అప్పుడు మళ్లీ వేగం పందెం మొదలవుతుంది.

భుజం

చెయ్యి పక్కనుంచి లేపుతుంటే సుమారు 60 డిగ్రీల దగ్గర మొదలై 120 దాటాక తగ్గే పోటు సాధారణంగా భుజం ఎముక కప్పు కింద ఉన్న టెండన్లది. అరచెయ్యి కిందికి ఉంచి, చెయ్యి సరిగ్గా పక్కకు ఎత్తితే అక్కడ ఇరుకవుతుంది. చేతిని పక్కకీ ముందుకీ మధ్యలో, పక్కనుంచి ఓ 30 డిగ్రీలు ముందుకు తెచ్చి, బొటనవేలు పైకి చూసేలా ఎత్తి చూడండి. చాలామందికి అక్కడే నొప్పి సగమవుతుంది. ఇక మీదట చెయ్యెత్తే ప్రతి వ్యాయామం ఈ దారిలోనే, మొదట భుజం ఎత్తుదాకానే.

పుషప్స్‌కు ఎత్తు మార్చుకోండి. గోడ, తర్వాత సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తు గట్టు, తర్వాత గట్టి మంచం అంచు, ఆఖరున నేల. నొప్పి 2 లోపు ఉండే ఎత్తే మీ ప్రస్తుత స్థానం. మోచేతులు ఒంటికి 45 డిగ్రీల్లో ఉండాలి. రెక్కల్లా 90 డిగ్రీలకు విచ్చుకుంటే భుజం ముందు భాగం నలుగుతుంది. 10 చొప్పున 3 సెట్లు. వెనక్కి చేతులు పెట్టి కుర్చీ అంచున దిగే డిప్స్ ఎవరైనా చెప్పినా ఇప్పుడు వద్దు, భుజం తల ముందుకు తోసుకొచ్చే భంగిమ అది.

మీ పట్టికలో 30 నెట్టుడ్లున్నాయి, ఒక్క లాగుడూ లేదు. రెసిస్టెన్స్ బ్యాండును (సాగే రబ్బరు పట్టీ) తలుపు సందులో బొడ్డు ఎత్తున బిగించండి. తలుపు మీరు లాగే దిక్కుకు తెరుచుకునేదైతే ఊడి మొహాన కొడుతుంది, అవతలి దిక్కుకు తెరుచుకునేదాన్ని ఎంచుకుని గడియ పెట్టండి. మోచేతులు పక్కటెముకలకు రాసుకుంటూ వెనక్కి లాగి, రెక్క ఎముకలు దగ్గరికొచ్చాక 2 సెకన్లు ఆపి వదలండి. 12 చొప్పున 3 సెట్లు. నెట్టేవి ఎన్నో లాగేవి కనీసం అన్ని, మొదటి రెండు నెలలు రెట్టింపు. రెండోది: మోచేతికీ పక్కటెముకలకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, పలచటి బ్యాండును బయటికి తిప్పడం, 15 చొప్పున 2 సెట్లు. బ్యాండు గట్టిదైతే మెడ కండరాలు పని లాగేసుకుంటాయి, భుజం చెవి వైపు లేస్తుంటే బ్యాండు మార్చండి.

ఒక్క జాగ్రత్త. మోచెయ్యి ఒంటికి ఆనించి, మీ ముంజేతిని ఇంకొకరు మెల్లగా బయటికి తిప్పి చూడమనండి. కుడి చెయ్యి తిరిగినంత ఎడమ చెయ్యి తిరగక మధ్యలోనే గట్టిగా ఆగిపోతే అది భుజం బిగుసుకుపోయే జబ్బు కావచ్చు. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. అప్పుడు పైన చెప్పిన పద్ధతి పనిచెయ్యదు, బలవంతంగా లాగితే ఇంకా మండుతుంది. డాక్టరుకు చూపించండి.

మణికట్టు

అరచెయ్యి నేల మీద పెడితే మణికట్టు పూర్తిగా వెనక్కి వంగి, దాని మీద ఒంటి బరువు పడుతుంది. ఎత్తు మీద పుషప్స్‌కు మారితేనే సగం తీరుతుంది. మిగతాదానికి, అడుగు చదునుగా ఉండి దొర్లని డంబెల్స్ రెండు పెట్టి వాటి పిడులు పట్టుకోండి, మణికట్టు నిటారుగా ఉంటుంది. గుండ్రటి డంబెల్స్ వద్దు, జారితే ముంజెయ్యి విరిగే ప్రమాదముంది. అవి లేకపోతే తువ్వాలు 2, 3 సెంటీమీటర్ల మందాన చుట్టి అరచేతి మడమ కింద పెట్టండి, వేళ్లు కిందికి వాలి ఉండాలి. బొటనవేలి మొదట్లో నొప్పి ఉంటే బ్యాండును గట్టిగా పిడికిట పట్టకుండా అరచేతి చుట్టూ రెండు చుట్లు తిప్పుకోండి. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతుంటే అది నరం నొక్కుకుపోవడం, వ్యాయామంతో తేల్చుకునే సంగతి కాదు.

నడుము

మీకు ఇంకా నడుము నొప్పి లేదు, అయినా క్రంచెస్ తీసెయ్యమన్నాను. రాత్రంతా పడుకుని లేచేసరికి వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో పదేపదే ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి మిగతా రోజుకంటే ఎక్కువ. మీరు సరిగ్గా అప్పుడే 40 సార్లు వంగుతున్నారు. ఎముకలు పలచబడినవాళ్లకు, ముఖ్యంగా ముట్లుడిగిన ఆడవాళ్లకు, వెన్ను బలంగా ముందుకు వంచే వ్యాయామాలు పూసలు నొక్కుకుపోవడానికి దారితీయొచ్చు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు 90 డిగ్రీలు పైకెత్తి, నడుము నేలకు అదిమి ఉంచి, ఒక్కో మడమనూ నేలకు తాకించి తియ్యండి, కాలికి 8. తర్వాత నాలుగు కాళ్ల భంగిమలో ఒక చెయ్యి, దానికి ఎదురు వైపు కాలు చాపి 8 సెకన్లు, వైపుకు 5. అందులో మోకాలు, మణికట్టు నొప్పి పెడితే నిలబడి, బల్ల మీద ముంజేతులు ఆనించి ఒక్కో కాలు వెనక్కి చాపండి, దాదాపు అదే పని జరుగుతుంది. వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తే బ్రిడ్జ్ 12 చొప్పున 2 సెట్లు మోకాలికీ నడుముకీ రెంటికీ పనికొస్తుంది. ఊపిరి బిగపట్టకండి, రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. లేచేటప్పుడు గాలి వదలడం అలవాటు చేసుకుంటే చాలు.

తుంటి, మడమ సంగతి టూకీగా. తుంటి బయటి పక్క నొప్పి, ఆ వైపు పడుకుంటే ఎక్కువవుతుంటే, కాలు మీద కాలు వేసి లాగే స్ట్రెచింగ్ మానండి. సాగదీస్తే హాయిగా అనిపించినా ఆ టెండన్ ఇంకా నలుగుతుంది. పొద్దున మొదటి అడుగులో మడమ కింద గుచ్చుతుంటే చెప్పుల్లేకుండా గట్టి నేల మీద వ్యాయామం చెయ్యకండి. కాలివేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి మడమ 3 సెకన్లు ఎత్తి, 2 ఆపి, 3 దించడం రోజు విడిచి రోజు 12 సార్లు చెయ్యండి.

వారం ఎలా సర్దుకోవాలి

సోమ, బుధ, శుక్రవారాలు పైన చెప్పిన బలం వ్యాయామాలు, 40 నిమిషాలు. లేచిన గంట తర్వాతే. ప్రతి సెట్టూ ఇంకో రెండు మూడు చెయ్యగలను అనిపించేటప్పుడే ఆపండి. మిగతా రోజుల్లో 30, 40 నిమిషాల నడక. ఎదుటివాళ్లతో మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అంత వేగం. రోజూ 5 నిమిషాలు గట్టు పక్కన ఒంటికాలి మీద నిలబడండి, 30 సెకన్ల చొప్పున. అది తేలికైతే తల మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనలూ ఇంచుమించు ఇవే: పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచేవి, 65 దాటితే మూడు రోజులైనా నిలకడ వ్యాయామాలు. నడక ఒక్కటే చాలదని మొదట్లో అన్నది అందుకే. నడక గుండెకు మేలు, కానీ తొడ కండరానికి అది ఇచ్చే పని తక్కువ, భుజానికి ఇచ్చేది దాదాపు శూన్యం.

అధిక బరువుంటే ఆ సంగతీ చూడండి. మోకాలి అరుగుదల ఉన్నవాళ్లలో ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క తేలింది.

పథకం దెబ్బతినేది ఎక్కువగా మూడో వారంలో. నొప్పి కాస్త సద్దుమణుగుతుంది, ఉత్సాహంలో ఒకేరోజు ఎత్తూ తగ్గిస్తారు, సెట్లూ పెంచుతారు, మెట్టు వ్యాయామమూ మొదలెడతారు. మర్నాడు మోకాలు ఉబ్బితే దేనివల్లో తెలియదు. వారానికి ఒక్కటే మార్చండి. ఇంకొకటి, వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర వేసుకోవడం. అది మీ కొలబద్దను చేతులారా విరిచేయడమే. మోకాలి పట్టీ పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుందంటే మెట్ల దగ్గర పెట్టుకోండి, తప్పేం లేదు. కానీ దాని అండతో లోతు పెంచకండి.

ఇవి కనబడితే మాత్రం ఇదంతా పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి: కీలు ఎర్రగా వేడిగా వాచి జ్వరం రావడం, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం, నడుస్తుండగా కూలిపోవడం, కదలకుండా పడుకున్నా నిద్ర లేపే నొప్పి, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, పడ్డాక చెయ్యి ఎత్తలేకపోవడం. పొద్దున బిగువు అరగంటలోపు సడలితే అరుగుదల తీరు. గంట దాకా ఉండి, చేతి వేళ్ల కణుపులు కూడా వాస్తుంటే కీళ్లవాతం పరీక్షలు చేయించుకోవాలి. నడుము నొప్పితో పాటు మల మూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వ్యాయామంలో ఛాతీ బిగిస్తే కూడా అంతే.

మందుల గురించి ఎవరూ అడగని సంగతొకటి. సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ రకం యాంటీబయాటిక్స్ వాడుతున్నప్పుడూ, ఆపాక కొన్ని నెలల దాకానూ టెండన్లు తెగే ప్రమాదం పెరుగుతుంది, 60 దాటినవాళ్లలో, స్టెరాయిడ్లు కూడా వాడేవాళ్లలో మరీను. ఆ రోజుల్లో మడమలెత్తడం, గెంతులు ఆపండి, మడమ వెనక నొప్పి వస్తే వెంటనే చెప్పండి. కొలెస్ట్రాల్ మాత్రలు మొదలయ్యాక రెండు తొడలూ భుజాలూ సమానంగా నొప్పెడుతుంటే అదీ డాక్టరుకు చెప్పాలి, సొంతంగా మాత్రం ఆపకూడదు.

12 వారాలు పద్ధతిగా చేశాక కూడా మెట్ల నొప్పి కదలకపోతే ఎవరైనా ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఆ చిన్న పుస్తకం తీసుకెళ్లండి. కుర్చీ ఎంత ఎత్తులో ఉండగా, ఎన్నో సెట్‌లో నొప్పి మొదలవుతోంది, మర్నాటికి ఎంత మిగులుతోంది అన్నవి వాళ్లకు ఎక్స్‌రే కంటే ఎక్కువ పనికొస్తాయి.